పశువు కళేబరము – రాబందు – పంచాయతీ

పూర్వము ఊరిలో పశువు చనిపోయినచో దానిని వెలుపలి బయలులోనికి ఈడ్చి విడిచెడివారు. కొంతసేపటికి రాబందులు ఆకాశమున గుంపుగూడి దిగెడివి. పెద్ద గుంపు చేరినచో గంటలోపుగనే ఎముకలు మాత్రము మిగిలెడివి. వయసు మళ్లిన సభ్యులకు ఈ దృశ్యము జ్ఞాపకముండును. చిన్నవారిలో పలువురు రాబందును చూచియే యుండరు.

ఏ ప్రాణియు ఒంటరిగా బ్రతుకదు. నేల సారముతోను, ఎండతోను గడ్డి పెరుగును. గడ్డిని పశువు మేయును. పశువు చనిపోయిన పిమ్మట దాని దేహములోని సారము తిరిగి నేలకు చేరవలెను. ఆ పని రాబందులది, పురుగులది, కంటికి కనబడని సూక్ష్మజీవులది. గాలి, నీరు, నేల, వాటి నాశ్రయించిన ప్రాణులు కలిసిన ఈ యేర్పాటును శాస్త్రజ్ఞులు జీవావరణ వ్యవస్థ అందురు. దోచుకొను వానిని రాబందు అని తిట్టుట మనకు అలవాటు. ఇది ఆ పక్షికి అన్యాయమే. చచ్చిన దానిని తినుటయే దాని వృత్తి.

1992 నుండి 2007 వరకు మన దేశమున తెల్లవీపు రాబందులు వెయ్యింట ఒకటిగా తగ్గిపోయినవి. కారణము చాలకాలము అంతుపట్టలేదు. పాకిస్తానులోని పంజాబు ప్రాంతమున చచ్చిన పక్షులను కోసి పరీక్షించినవారు 2004లో సంగతి బయటపెట్టిరి. పశువులకు నొప్పి, వాపు తగ్గుటకు ఇచ్చు డైక్లోఫినాక్ అను మందే కారణము. మందు తీసికొన్న పశువు త్వరలోనే చనిపోయినచో, మాంసములో మిగిలిన మందు రాబందు మూత్రపిండములను చెడగొట్టును. వందకు ఒక కళేబరము కూడ ఇట్టిది కానక్కరలేదు. ఒక్క కళేబరముపై అనేక పక్షులు వ్రాలును. రాబందు జంటయో, ఏటికి ఒకే గ్రుడ్డు పెట్టును. పోయినంత వేగముగా పుట్టుట లేదు.

రాబందులు లేనిచోట కళేబరములు కుళ్లుచున్నవి. వాటిని తిని ఊరకుక్కలు పెరుగుచున్నవి. కుక్క కాటుతో రేబిస్ భయము వచ్చును.

డైక్లోఫినాక్‌ను పశువైద్యమున 2006లోనే నిషేధించిరి. మనుష్యుల కొరకైన పెద్ద సీసాలను పశువులకు వాడుచుండుటచే, 2015లో సూదిమందు సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితము చేసిరి. కీటోప్రోఫెన్, అసిక్లోఫినాక్ అనువానిని పశువులకు వాడరాదని 2023లో ఉత్తరువైనది. మెలాక్సికాం రాబందులకు హాని చేయదని పరీక్షలలో తేలినది. నొప్పి మందు కావలసినపుడు దీనినే ఇమ్మని రైతులు పశువైద్యుని అడుగవచ్చును.

ప్రాణహిత పరిసరమున పాలరాపు గుట్ట చరియలలో 2013లో పొడవుముక్కు రాబందుల గూళ్లు కనబడినవి. ఈ పక్షులు మేతకై ఎంతో దూరము పోవును. గుట్ట ఒక ఊరిదైనను, మందు కలిసిన కళేబరము వేరొక ఊరిది కావచ్చును. కావున గ్రామసభలో ఈ మందుల పేర్లు చదివి వినిపింపవలెను. చికిత్స పొందుచు చనిపోయిన పశువును బయట విడువక, బావులకును చెరువునకును దూరముగా లోతైన గోతిలో పూడ్పింపవలెను. అందులకు తగిన స్థలమును పంచాయతీ ముందుగనే చూచి ఉంచుట మంచిది. పశువు చచ్చిన నాడు వెదకిన దొరకదు.