నదీతీరపు మిత్రకీటకములు – వాని నివాసముల సంరక్షణము
(మోస్రా, వర్ని, బోధను ప్రాంతముల రైతుల కొరకు)



పొలములో కనబడు ప్రతి పురుగును పైరునకు శత్రువని తలచుట పొరపాటు. ఆకు కొరుకునవి, రసము పీల్చునవి కొన్ని గలవు. అట్టివానిని పట్టి తినునవియు, వాని గ్రుడ్లలో తమ గ్రుడ్లను పెట్టి నశింపజేయునవియు మరికొన్ని గలవు. ఈ రెండవ తెగవి మిత్రకీటకములు. ఇవి కూలి యడుగవు. నివాసము మాత్రము కోరును. ఏటి యొడ్డునను, వాగుల వెంటను, కాలువ గట్లపైనను దున్నక విడిచిన నేలయే ఆ నివాసము.

1. ఈ ప్రాంతపు స్థితి

మంజీరా నది నిజాంసాగరు దాటి ఉత్తరముగా ప్రవహించి కందకుర్తి యొద్ద గోదావరిలో కలియుచున్నది. 1931లో నిజాంసాగరు నిర్మాణము ముగిసిన పిదప కాలువ నీటివలన ఈ సీమలో వరియు చెరకును విస్తరించినవి. 1937లో స్థాపింపబడిన బోధను చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినది. చెరకు తగ్గిన చోట్ల వరి హెచ్చినది. ఆబీ, తాబీ రెండు పంటలును వరియే యైనచో వరిపురుగులకు ఎడతెగక ఆహారము దొరకును. మిత్రకీటకముల యవసరము ఇట్టిచోటనే అధికము. అయితే ఆనకట్ట కట్టిన నదికి పెద్ద వరద అరుదుగా వచ్చుటచే ఒడ్డువరకు దున్నవలెనను ఆశ కలుగును. తుంగ, జమ్ము, రెల్లు, చిన్న మడుగులు పోయినచో మిత్రకీటకములును వానితో పోవును.

2. మిత్రకీటకములు, వాని పని

తూనీగ నీటియందు గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు నీటిలో పెరిగి దోమల పిల్లలను తినును. తుదకు తుంగకాడను ప్రాకి పైకి వచ్చి రెక్కలు విప్పును. పెద్ద తూనీగలు ఎగురు పురుగులను పట్టి తినును. మడుగు పూడ్చినచో తూనీగ లేదు.

అక్షింతల పురుగును, దాని పిల్లలును పేనుబంకను తినును.

ట్రైకోగ్రామా యనునది ఆవగింజకన్న చిన్నదగు పరాన్నకీటకము. ఇది చెరకు పీకపురుగు గ్రుడ్లలో తన గ్రుడ్లను పెట్టును. పది దినములలోపున అందుండి పురుగునకు మారుగా ట్రైకోగ్రామాయే వెలువడును. పెద్దదానికి పూలతేనె ఆహారము. గట్టున పూలు లేనిచో దాని ఆయువు తగ్గును.

ఎపిరికేనియా పిల్లలు చెరకాకు రసము పీల్చు పైరిల్లాకు అంటుకొని దానిని చంపును. వాని గూళ్లు చెరకాకులపైననే యుండును గనుక చెత్త తగులబెట్టిన రైతు తన మిత్రులనే దహించినవాడగును.

ఒంటరి తేనెటీగలలో పెక్కు తీరపు మట్టిలో బొరియలు చేసికొని నివసించును. దోస, గుమ్మడి, పొద్దుతిరుగుడు పంటలకు ఇవి పరాగము చేర్చును.

3. తొందరపడి మందు చల్లుటవలని హాని

వరి సుడిదోమ తన గ్రుడ్లను ఆకు తొడిమ లోపల దాచును. మందు చల్లినపుడు పైనున్న సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చును; లోపలి గ్రుడ్లు బ్రదికి పొదుగును. అప్పుడు సుడిదోమకు శత్రువు లేకపోవుటచే అది మునుపటికన్న హెచ్చి మడులు సుడులుగా మాడిపోవును. ఇండోనేషియా దేశమున ఇట్లే సుడిదోమ ప్రబలగా, 1986లో అచ్చటి ప్రభుత్వము వరిపై 57 రకముల పురుగుమందులను నిషేధించెను.

4. రైతులు చేయవలసినవి

(అ) ఏటి యొడ్డున, వాగు వెంట నాలుగైదు గజముల నేలను దున్నక, తగులబెట్టక విడువవలెను.

(ఆ) గట్టు గడ్డిని ఒక్కసారి కోయక, నేడొక ప్రక్కయు, కొన్ని వారములకు రెండవ ప్రక్కయు కోయవలెను.

(ఇ) చెరకు నరికిన పిదప చెత్తను కాల్చక సాళ్ల నడుమ పరువవలెను.

(ఈ) నాటిన మొదటి నలువది దినములలో ఆకుపై కొరుకుడు కనబడినంతనే మందు చల్లరాదు. లేత వరి కొంత ఆకు పోయినను కోలుకొనును.

(ఉ) దుబ్బులను వంచి మొదళ్లలో సుడిదోమలను, సాలీళ్లను, నల్లులను లెక్కించిన పిమ్మటనే మందుమాట తలపెట్టవలెను.

(ఊ) మందు డబ్బాలను, పిచికారీ యంత్రములను ఏటిలోను, కాలువలోను కడుగరాదు.

ఒడ్డున విడిచిన నేల వ్యర్థమని యెవరైన ననవచ్చును. ఆ కొలది నేలలో పండు ధాన్యమును ఒక ప్రక్కనుంచి, ఏటేట మందులకగు ఖర్చును, సుడిదోమ వచ్చిననాడు పోవు మడులను మరియొక ప్రక్కనుంచి తూచి చూడవలెను. ఒక్క రైతు విడిచిన గట్టుకన్న, ఊరివారందరు కలసి ఎడతెగక విడిచిన తీరము అధిక ఫలమిచ్చును. కావున గ్రామస్థులు కూడి ఆలోచించి, రాబోవు దుక్కులకు ముందే తీరపు హద్దును నిర్ణయించుకొనుట మేలు.