హెడ్ గ్యాస్కెట్ మళ్లీ మళ్లీ ఎందుకు పోతోంది?

ప్రశ్న: పాత ట్రాక్టరుకు కొత్త హెడ్ గ్యాస్కెట్ వేయించినా దుక్కుల కాలం దాటకుండానే లీకవుతోంది. ఏం చేయాలి?

జవాబు: తప్పు గ్యాస్కెట్‌ది కాకపోవచ్చు. హెడ్ విప్పించి, దాని మీద ఉక్కు స్కేలును నిలువుగా, అడ్డంగా, ఐమూలగా ఆనించి ఫీలర్ గేజ్ దూర్చి చూడమనండి. సందు 0.1 మిల్లీమీటరు దాటితే ఫేసింగ్ చేయించాల్సిందే. లైనర్ల ఎత్తు కూడా చూడాలి. ఒకటి పక్కవాటికన్నా కిందికి దిగితే ఎంత ఖరీదైన గ్యాస్కెటైనా అక్కడ పట్టు ఇవ్వదు. చాలామంది వదిలేసేది బోల్టు రంధ్రాలను. వాటి అడుగున నూనె, నీళ్లు మిగిలితే టార్క్ రెంచి బిగిసినట్టే చూపిస్తుంది, హెడ్ మాత్రం బిగియదు. సాగిన స్టడ్లు మార్చండి. నడిమి నుంచి అంచులకు, విడతలుగా, మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. తుప్పుతో, పొట్టుతో పూడిన రేడియేటరు ఇంజనును వేడెక్కిస్తే హెడ్ మళ్లీ వంగుతుంది. దాన్ని శుభ్రం చేయించకుండా కొత్త గ్యాస్కెట్ వేయించకండి.