ఒకే తీగ మీద రెండు మాటలు

మా బొంగులూరు నుంచి సాగర్ రోడ్డు పట్టుకొని ఇబ్రహీంపట్నం దాటి పోతే గున్‌గల్ అనే ఊరు వస్తుంది. హైదరాబాదు తాగే కృష్ణా నీళ్లకు అక్కడ రిజర్వాయరు ఉంది. నాగార్జునసాగర్ వైపు నుంచి తెచ్చిన నీళ్లు కోదండాపూర్‌లో శుద్ధి అవుతాయి. అక్కడి నుంచి పంపులు వాటిని దశలవారీగా గున్‌గల్‌కు ఎక్కిస్తాయి. తరువాత అవి సాహెబ్‌నగర్ మీదుగా నగరంలోకి పోతాయి. ఈ పథకం మొదటి దశ 2004లో, రెండో దశ 2008లో, మూడో దశ 2015లో పనిచేయడం మొదలుపెట్టాయి.

తరగతిలో ఈ సంగతి చెబుతూ ఉంటే ఒక అమ్మాయి లేచింది. "సార్, రిజర్వాయరు నిండిందని అంత దూరంలో పంపు నడిపేటోళ్లకు ఎట్ల తెలుస్తది?"

"ఫోన్ చేసి చెప్తరు" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి.

"రాత్రి రెండు గంటలకు ఎవరు చూసి ఫోన్ చేస్తరు?" అంది ఆ అమ్మాయి.

మంచి ప్రశ్న. నీటి పథకమైనా, రామగుండం విద్యుత్ కేంద్రమైనా, విశాఖ ఉక్కు కర్మాగారమైనా ఇదే సమస్య. కొలవవలసిన చోటు ఒకటి, కొలత తెలియవలసిన చోటు మరొకటి. ట్యాంకు దగ్గర పరికరం ఉంటుంది. మనుషులు, కంప్యూటర్లు ఉండేది కంట్రోల్ రూమ్‌లో. ఈ రెండూ ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నీరటి డప్పు

వెనకటి రోజుల్లో చెరువు తూము దగ్గర నీళ్లు వదిలే బాధ్యత నీరటిది. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద ఒక నీరటి ఉన్నాడని ఊహించండి. చెరువులో ఎన్ని అడుగుల నీళ్లుంటే డప్పు మీద అన్ని దెబ్బలు కొట్టాలని ఊరివారితో అతనికి ఒప్పందం. ఐదు దెబ్బలు వినిపిస్తే ఐదడుగుల నీళ్లున్నట్టు.

ఒకనాడు డప్పు అసలు వినిపించలేదు. చెరువు ఎండిందా? నీరటి నిద్రపోయాడా? డప్పు పగిలిందా? ఊళ్లో ఉన్నవారికి తెలిసే దారి లేదు.

ఒప్పందాన్ని కొంచెం మారుద్దాం. చెరువు పూర్తిగా ఎండినా సరే నాలుగు దెబ్బలు కొట్టాలి. ఆపైన అడుగుకొక దెబ్బ. ఇప్పుడు నాలుగు దెబ్బలంటే నీళ్లు లేవని, తొమ్మిదంటే ఐదడుగులని అర్థం. ఏమీ వినిపించకపోతే ఆపద చెరువుకు కాదు, నీరటికి వచ్చిందన్నమాట. వెంటనే మనిషిని పంపాలి.

నాలుగు నుంచి ఇరవై వరకు

కర్మాగారాల్లోని కొలత పరికరాలు ఎన్నో ఈ ఒప్పందం మీదనే పనిచేస్తాయి. డప్పు దెబ్బలకు బదులు తీగలో విద్యుత్ ప్రవాహం ఉంటుంది. ట్యాంకు ఖాళీగా ఉంటే పరికరం 4 మిల్లీ ఆంపియర్లు పంపుతుంది. నిండితే 20 మిల్లీ ఆంపియర్లు. రెంటి మధ్య తేడా 16. కాబట్టి సగం నిండితే 4 + 8 = 12 మిల్లీ ఆంపియర్లు అవుతాయి. తీగ తెగితే ప్రవాహం సున్నా. ఇక సాధారణంగా 3.6 కంటే తక్కువగాని, 21 కంటే ఎక్కువగాని వస్తే పరికరంలో లోపం ఉన్నట్టు లెక్క.

ఇలా విద్యుత్ ప్రవాహంతో కబురు పంపడం రాకముందు వాడిన పద్ధతిలోనూ ఈ జాగ్రత్త ఉండేది. అప్పట్లో సన్నటి గొట్టాల్లో గాలి పీడనంతో కబురు పంపేవారు. అది చదరపు అంగుళానికి 3 పౌన్ల నుంచి 15 పౌన్ల దాకా ఉండేది. అక్కడా లెక్క సున్నా దగ్గర మొదలయ్యేది కాదు, చూశారా!

వోల్టేజీని పంపకుండా ప్రవాహాన్నే ఎందుకు పంపాలి? మీ భౌతికశాస్త్రం పుస్తకంలో శ్రేణి సంధానం పాఠం గుర్తు చేసుకోండి. తీగ పొడవు పెరిగితే దాని నిరోధం పెరుగుతుంది, దారిలో వోల్టేజీ కొంత తగ్గుతుంది. కాని శ్రేణి సంధానంలో ప్రవాహం అన్నిచోట్లా ఒకటే. ట్యాంకు దగ్గర 12 మిల్లీ ఆంపియర్లు బయలుదేరితే కంట్రోల్ రూమ్‌కు 12 చేరుతుంది. అక్కడ 250 ఓంల నిరోధం గుండా పోనిస్తే, ఓం నియమం ప్రకారం 4 మిల్లీ ఆంపియర్లకు 1 వోల్టు, 20కి 5 వోల్టులు వస్తాయి. దాన్ని చదవడం తేలిక.

మరో లాభం కూడా ఉంది. ఎప్పుడూ కనీసం 4 మిల్లీ ఆంపియర్లు పారుతూనే ఉంటాయి కనుక, చాలా పరికరాలు ఆ కరెంటుతోనే బతుకుతాయి. వాటికి వేరే తీగ వేయనక్కరలేదు. కబురు తెచ్చే తీగే కూడూ పెడుతుంది.

ఒక్క అంకె చాలదు

మా బడిలో చదివిన ఒక అబ్బాయి ఇప్పుడు ఒక కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్. సెలవుల్లో కలిసినప్పుడు ఒక సంగతి చెప్పాడు.

అక్కడ ట్యాంకులో మట్టం తెలుసుకోవడానికి అడుగున పీడనం కొలుస్తారు. ద్రవం ఎత్తు పెరిగితే అడుగున పీడనం పెరుగుతుంది కదా! ట్యాంకు నుంచి పరికరానికి ఒక సన్న గొట్టం ఉంది. ఒకరోజు ఆ గొట్టంలో బురద పేరుకొని గట్టిపడింది. అవతల పక్క పీడనం ఉన్నది ఉన్నట్టు బంధించబడింది. కంట్రోల్ రూమ్‌లో 12 మిల్లీ ఆంపియర్లు, అంటే సగం ట్యాంకు, నిలకడగా కనిపిస్తోంది. ఇవతల ట్యాంకు నిండుతూనే ఉంది. తెల్లవారేసరికి పొంగి ఆవరణంతా పారింది.

ఇక్కడ తీగ తెగలేదు, ప్రవాహం సున్నా కాలేదు. నీరటి మేలుకొనే ఉన్నాడు, డప్పూ బాగానే ఉంది. కాని నీరటి కళ్లకు గంతలు కట్టి ఉన్నాయి! ఒకే ఒక్క అంకె వచ్చే చోట ఉన్న ఇబ్బంది ఇదే. ఆ అంకెను నమ్మవచ్చో లేదో ఆ అంకె చెప్పలేదు.

అలల మీద అక్షరాలు

పరికరాన్ని మరికొన్ని మాటలు మాట్లాడనిస్తే? అందుకోసం కొత్త తీగలు వేయాలంటే పెద్ద కర్మాగారాల్లో మైళ్ల కొద్దీ కేబుళ్లు తవ్వి తీయాలి. 1980ల మధ్యలో అమెరికాలోని రోజ్‌మౌంట్ కంపెనీ ఇంజనీర్లు పాత తీగ మీదనే రెండో మాట నడిపే ఉపాయం తెచ్చారు. దాని పేరు హార్ట్. తరువాత దాన్ని అన్ని కంపెనీలూ వాడుకొనేలా విడుదల చేశారు.

చెరువును మళ్లీ తలచుకోండి. గాలి వీస్తే నీటి మీద చిన్న అలలు లేస్తాయి. అల ఎంత పైకి లేస్తుందో అంత కిందికి దిగుతుంది. అందువల్ల చెరువు మట్టం మారదు. హార్ట్ పద్ధతిలో 4 నుంచి 20 దాకా నడిచే ప్రవాహమే చెరువు మట్టం. దాని మీద అర మిల్లీ ఆంపియరు పైకీ, అర మిల్లీ ఆంపియరు కిందికీ ఊగే చిన్న అల నడుస్తుంది. అల సెకనుకు 1200 సార్లు ఊగితే 1 అని అర్థం, 2200 సార్లు ఊగితే 0 అని అర్థం. టెలిఫోన్ తీగల మీద కంప్యూటర్ల సమాచారం పంపడానికి అంతకుముందే వాడుకలో ఉన్న పద్ధతి ఇది.

అల సగటు సున్నా కనుక పాత మీటరుకు దాని ఊసే తెలియదు, మట్టం ఒక్కటే చూస్తుంది. అలను చదవగల యంత్రం మాత్రం అందులోని ఒకట్లు, సున్నలు ఏరుకొంటుంది. సెకనుకు 1200 బిట్లు వెళతాయి. మీ ఇంట్లోని సెల్‌ఫోనుతో పోలిస్తే ఇది నత్తనడకే. అయినా ట్యాంకులో నీటిమట్టం కన్ను మూసి తెరిచేలోగా మారిపోదు కదా, ఆ వేగం చాలు.

ఇలా మాట్లాడే పరికరంలో చిన్న మైక్రోప్రాసెసర్ ఉంటుంది. అందుకే దాన్ని స్మార్ట్ పరికరం అంటారు. దాని సంభాషణను మన మాటల్లో రాస్తే ఇలా ఉంటుంది:

"నువ్వెవరు?"
"ఫలానా ట్యాంకు అడుగున ఉన్న పీడన పరికరాన్ని. నా నంబరు ఇది."
"నీ కొలత ఎంత?"
"రెండున్నర మీటర్లు."
"నీ ఒంట్లో ఎలా ఉంది?"
"నా ఎలక్ట్రానిక్ భాగాలు బాగున్నాయి. కాని పీడనం బొత్తిగా కదలడం లేదు. గొట్టం మూసుకుపోయిందేమో చూడండి."

ఆఖరి జవాబు గమనించారా? పంపు నడుస్తూ, నీరు పారుతూ ఉంటే పీడనంలో ఎప్పుడూ సన్నటి జలదరింపు ఉంటుంది. గొట్టం పూడితే అది ఆగిపోతుంది. కొన్ని స్మార్ట్ పరికరాలు ఈ తేడాను పసిగట్టగలవు. మా పాత విద్యార్థి చెప్పిన ట్యాంకు దగ్గర ఇలాంటిది ఉంటే రాత్రికి రాత్రే హెచ్చరిక వచ్చేది.

ఇందులో మామూలుగా ముందు కంట్రోల్ రూమ్ అడుగుతుంది, పరికరం జవాబు చెబుతుంది. తరగతిలో మాదిరిగానే! అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడదు మరి.

తప్పును పట్టే బిట్టు

పక్కనే పెద్ద మోటారు మొదలైతే తీగలో అలజడి పుట్టి, 1 కాస్తా 0గా మారవచ్చు. అప్పుడు కంట్రోల్ రూమ్ మోసపోదా?

దానికీ ఒక చిట్కా ఉంది. ప్రతి 8 బిట్ల వెంట ఒక కాపలా బిట్టు పంపుతారు. దాన్ని కూడా కలుపుకొని ఒకట్ల సంఖ్య ఎప్పుడూ బేసి కావాలని నియమం. ఉదాహరణకు 01000001లో ఒకట్లు రెండు. బేసి కావడానికి కాపలా బిట్టు 1 అవుతుంది. దారిలో ఏ ఒక్క బిట్టు మారినా ఒకట్లు సరిసంఖ్య అవుతాయి, దొంగ దొరికిపోతాడు. కబురు మళ్లీ అడుగుతారు. ఒకేసారి రెండు బిట్లు మారితే? ఈ కాపలాకు అది దొరకదు. అందుకే కబురు చివర మొత్తం బైట్లను కలిపి సరిచూసే మరో బైటు ఉంటుంది.

మొదట్లోనే ఒక బిట్టు, చివర ఒక బిట్టు, ఒక కాపలా బిట్టు కలిపి ఒక్కో బైటుకు 11 బిట్లు అవుతాయి.

హార్ట్ తరువాత పూర్తిగా డిజిటల్‌గానే మాట్లాడుకొనే పద్ధతులు వచ్చాయి. ఫౌండేషన్ ఫీల్డ్‌బస్ అనేది సెకనుకు 31,250 బిట్లు పంపుతుంది. 2007లో తీగ లేకుండా రేడియో తరంగాలతో నడిచే వైర్‌లెస్ హార్ట్ వచ్చింది. కొలత ఆవరణ దాటి దూరం పోవలసివస్తే రేడియో, ఆప్టికల్ ఫైబర్ దాన్ని అందుకొంటాయి. ఇవన్నీ ఎక్కడో విదేశాల చదువులని అనుకోకండి. 1967లో హైదరాబాదులో ప్రారంభమైన ఈసీఐఎల్ మన అణువిద్యుత్ కేంద్రాలకు నియంత్రణ పరికరాలు తయారుచేసింది. ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ కోర్సు కూడా ఉంది.

పరికరం లేని చోట ఎవరు చెబుతారు?

ఇంత తెలివైన పరికరాలున్నా ఒక సంగతి మరవకూడదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. నిద్రలో ఉన్న చుట్టుపక్కల జనాన్ని అది కమ్ముకొంది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు.

స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. లేకపోతే దాని అణువులు ఒకదానితో ఒకటి కలిసి పాలిమర్‌గా మారుతూ వేడి పుట్టిస్తాయి. ఆ వేడి చర్యను మరింత పెంచుతుంది. ప్రభుత్వం వేసిన కమిటీ పరిశీలిస్తే, ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉందని, మధ్యలో, పైభాగంలో లేదని తేలింది. వేడెక్కిన ద్రవం తేలికై పైకి పోతుందని మీరు సంవహనం పాఠంలో చదివారు. అడుగున చల్లగా కనిపిస్తూ ఉంటే పైన మరిగిపోతోంది. ప్రమాదానికి వేరే కారణాలూ ఉన్నాయి. కాని మన పాఠానికి కావలసింది ఇది: ఆ అడుగున ఎంత స్మార్ట్ పరికరం పెట్టినా అడుగు సంగతే చెప్పేది, అదీ నిజాయితీగానే.

తన ఒంట్లో బాగున్నదీ లేనిదీ పరికరం చెప్పగలదు. తాను లేని చోట ఏం జరుగుతోందో చెప్పలేదు. ఏ చోట కొలవాలో నిర్ణయించవలసింది మనిషే. దానికి కావలసినవి మీరు బడిలో చదివే పీడనం, సంవహనం, ఓం నియమం పాఠాలే.

చేసి చూడండి

తరగతిలో ఒకరు ముందు నిలబడి చేయి చాపి మెల్లగా ఎత్తుతూ దించుతూ ఉండాలి. అది మట్టం. అదే సమయంలో వేళ్లను నెమ్మదిగా ఆడిస్తే 1, గబగబా ఆడిస్తే 0. వెనక కూర్చున్నవారు చేయి ఎత్తు మాత్రం రాసుకోవాలి, ముందువారు వేళ్ల కబురు రాసుకోవాలి. ఒకే చేయి రెండు మాటలు చెబుతుంది!

లెక్కలు

1. 5 మీటర్ల ఎత్తున్న ట్యాంకు పరికరం 16 మిల్లీ ఆంపియర్లు చూపుతోంది. నీటి ఎత్తు ఎంత?
2. అదే పరికరం 2 మిల్లీ ఆంపియర్లు చూపితే ఏమని అర్థం?
3. 10110010కు కాపలా బిట్టు ఏది?
4. సెకనుకు 1200 బిట్లు, బైటుకు 11 బిట్లు అయితే సెకనుకు ఎన్ని పూర్తి బైట్లు పోతాయి?

జవాబులు: 1. 3.75 మీటర్లు. 2. ట్యాంకు ఖాళీ అని కాదు, పరికరంలోనో తీగలోనో లోపం ఉందని. 3. ఒకట్లు నాలుగు, కనుక 1. 4. 109.