వర్డ్‌లో ఆటోకరెక్ట్ మీ పదాలను మార్చేస్తోందా? ఇలా ఆపండి

మా నల్లమాడ రైతులకు నేను వర్డ్‌లో అర్జీలు ఇంగ్లిష్‌లో టైప్ చేసిస్తుంటాను. సర్వే నంబర్ తర్వాత బ్రాకెట్లలో ‘సి’ అక్షరం కొడితే చాలు, అది కాపీరైట్ గుర్తుగా మారిపోతుంది. చూసుకోకపోతే అర్జీలో పొలం నంబరే తప్పవుతుంది! అలాగని ఆటోకరెక్ట్ మొత్తం ఆపేయక్కర్లేదు ఫ్రెండ్స్.

1. ఫైల్ > ఆప్షన్స్ > ప్రూఫింగ్ > ఆటోకరెక్ట్ ఆప్షన్స్ ఓపెన్ చేయండి.

2. లిస్టులో ఆ ఎంట్రీని సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కండి. ఈ మార్పు ఎక్సెల్‌లోనూ పనిచేస్తుంది.

3. ఊరి పేర్లు మారకుండా, స్పెల్‌చెకర్ సూచనలను ఆటోమేటిక్‌గా వాడే ఆప్షన్‌కు టిక్ తీసేసి, ఓకే కొట్టండి.

4. పేరు కింద ఎర్ర గీత వస్తే, స్పెల్లింగ్ సరిచూసుకుని, రైట్ క్లిక్ చేసి ‘యాడ్ టు డిక్షనరీ’ ఇవ్వండి.

ఒక్కసారికే అయితే, పదం మారిన వెంటనే కంట్రోల్ జెడ్ నొక్కితే సరి.