విశ్వవిద్యాలయ రచనా కేంద్రాలు: అధ్యాపకుల అపోహలు – నివారణ మార్గాలు

సారాంశం

అమెరికా విశ్వవిద్యాలయాల్లోని రచనా కేంద్రాల పనితీరుపై అధ్యాపకులలో నెలకొన్న అపోహలను, వాటి మూలాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విద్యార్థిని కేంద్రానికి పంపే తీరును సవరించడమే వాటి నివారణకు ప్రధాన మార్గమని ప్రతిపాదిస్తుంది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిశోధనా మార్గదర్శకులకు ఇందులో ఉన్న పాఠాన్ని సూచిస్తుంది.

పరిచయం

అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాల్లో గ్రంథాలయం వలెనే రచనా కేంద్రమూ ఒక సాధారణ వసతి. 1862 నాటి మోరిల్ చట్టం ద్వారా ఏర్పడిన ల్యాండ్ గ్రాంట్ సంస్థలలో ఒకటైన పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మ్యూరియల్ హారిస్ 1976లో రైటింగ్ ల్యాబ్‌ను నెలకొల్పారు. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా బోధన, పరిశోధన, విస్తరణలను ఒకేచోట చేర్చిన ల్యాండ్ గ్రాంట్ నమూనానే అనుసరించింది. ఆ నమూనాలోని విస్తరణను మనం స్వీకరించాము. రచనా కేంద్రం మాత్రం మనకు అంతగా పరిచయం కాలేదు.

విద్యార్థి తన చిత్తుప్రతితో కేంద్రానికి వస్తాడు. శిక్షణ పొందిన సహాయకుడు అరగంట నుంచి గంటసేపు అతడితో కూర్చుని చదువుతాడు, ప్రశ్నిస్తాడు, అస్పష్టంగా ఉన్న చోట్లను చూపుతాడు. తిరిగి రాయవలసింది విద్యార్థియే. విస్తరణ అధికారి రైతు పొలం దున్నడు. రైతుతో కలిసి చేను చూసి, కారణాలు చర్చించి, నిర్ణయాన్ని రైతుకే విడిచిపెడతాడు. రచనా కేంద్రం పని కూడా ఇటువంటిదే.

ప్రధాన అపోహలు

1. కేంద్రం తప్పులు దిద్దే చోటు: ఇది అన్నిటికంటే పాతది, బలమైనది. 1984లో స్టీఫెన్ నార్త్ ‘కాలేజ్ ఇంగ్లీష్’ పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసానికి ప్రేరణ ఇదే. ఇంగ్లీషు శాఖలోని సహోద్యోగులే తమ పనిని అర్థం చేసుకోవడం లేదన్నది ఆయన ఆవేదన. రచనను కాదు, రచయితను మెరుగుపరచడమే కేంద్రం లక్ష్యమని ఆయన వాదించారు.

2. విషయ పరిజ్ఞానం లేనివారు సహాయపడలేరు: ఒక ఉదాహరణ తీసుకుందాం. వరిలో రెండు నత్రజని మోతాదుల మధ్య దిగుబడి తేడా హెక్టారుకు 200 కిలోలు, సి.డి. విలువ 350 కిలోలు అనుకుందాం. ‘మోతాదు పెంచడం వల్ల దిగుబడి గణనీయంగా పెరిగింది’ అని విద్యార్థి రాశాడు. వాక్యంలో వ్యాకరణ దోషం లేదు; దోషం నిర్ధారణలో ఉంది. సస్యశాస్త్రం తెలియని సహాయకుడు సైతం ‘పట్టిక అడుగున ఉన్న ఈ అంకె దేనిని తెలుపుతుంది? మీ వాక్యానికి, దానికి సంబంధం ఏమిటి?’ అని అడగగలడు. సమాధానం చెప్పబోయే క్రమంలో విద్యార్థి తన పొరపాటును తానే గుర్తించే అవకాశం ఉంది. భాషను మాత్రమే దిద్ది ఉంటే ఆ తప్పు మరింత చక్కని ఇంగ్లీషులో నిలిచిపోయేది.

3. బలహీన విద్యార్థులకే అవసరం: ఈ భావన వల్ల కేంద్రానికి పంపడం ఒక శిక్షగా మారుతుంది. విద్యార్థి సిగ్గుతో వస్తాడు, లేదా రాడు.

4. సహాయం పొందడం గ్రంథచౌర్యంతో సమానం: సహాయకుడు వాక్యాలు రాసి ఇవ్వడు. ఆధారాలను ఎలా పేర్కొనాలో, ఇతరుల భావాన్ని సొంత మాటలలో ఎలా చెప్పాలో నేర్పడం వల్ల ఆ దోషం తగ్గుతుంది.

నివారణ మార్గాలు

అపోహలు ప్రకటనలతో తొలగవు. అధ్యాపకుడు విద్యార్థికి చెప్పి పంపే ఒక్క మాటలోనే అవి పుడతాయి, అక్కడే సవరించాలి. ‘ఇంగ్లీషు సరిచేయించుకొని రా’ అనడానికి బదులు ‘చర్చా విభాగంలో ఫలితాలు ఉన్నాయి, కారణాలు లేవు, దీనిపై మాట్లాడి రా’ అని రాసి పంపితే విద్యార్థికి, సహాయకుడికి పని స్పష్టమవుతుంది. సమర్పణకు వారం ముందు కాక, తొలి చిత్తుప్రతి దశలోనే పంపాలి.

‘పంపినా తప్పులు మిగిలాయి’ అని అధ్యాపకుడు ఫిర్యాదు చేసినప్పుడు కేంద్రం వాదనకు దిగరాదు. విద్యార్థి అనుమతితో ఆనాటి చర్చ సారాంశాన్ని ఆయనకు చూపి, ఏది ముందుగా చేపట్టారో, ఎందుకో వివరించాలి. విషయ నిర్దుష్టత మార్గదర్శకుడి బాధ్యత, రచన విద్యార్థి బాధ్యత, స్పష్టతకు తోడ్పాటు కేంద్రం బాధ్యత అన్న విభజనను సెమిస్టర్ ఆరంభంలోనే శాఖా సమావేశంలో తెలియజేయాలి.

అధ్యాపకుల ఫిర్యాదులో కొంత నిజమూ ఉంది. ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థికి వాక్యస్థాయి సహాయం నిజంగానే అవసరం. ‘మేము వ్యాకరణం చూడము’ అని తిప్పి పంపడం న్యాయం కాదు. తరచుగా దొర్లే ఒకటి రెండు దోషాలను చూపి, మిగిలిన వాటిని విద్యార్థి చేతనే గుర్తింపజేయడం మేలు. నార్త్ సైతం 1994లో తన తొలి వాదనలోని ఆదర్శ ధోరణిని పునఃపరిశీలించుకున్నారు.

ముగింపు

రచనా కేంద్రం లేని చోట ఆ బాధ్యత మార్గదర్శకుడిదే. ఈ వ్యాసకర్త సైతం తొలి సంవత్సరాలలో విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలను సమర్పణకు ముందు రాత్రులు మేల్కొని ఎర్రసిరాతో దిద్దినవాడే. గ్రంథాలు ఆమోదం పొందాయి. అయితే పట్టా పొంది ఉద్యోగంలో చేరిన విద్యార్థి తన తొలి పరిశోధనా పత్రాన్ని కూడా దిద్దమని తెచ్చినప్పుడు, తాను గ్రంథాన్ని సరిచేశాడే తప్ప రాయడం నేర్పలేదని గ్రహించాడు. చిత్తుప్రతి చేతికి వచ్చినప్పుడు కలం తీయడానికి ముందు ఒక ప్రశ్న అడగడం మనందరికీ సాధ్యమే.