రౌటర్‌లో 'అడ్వాన్స్‌డ్' పేజీ: ఏ సెట్టింగ్ ఏ తలుపు తెరుస్తుంది?

నెట్‌వర్క్స్ సబ్జెక్టులో న్యాట్, డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్ అని మూడు మాటలు పరీక్ష కోసం చదువుతాం, పరీక్ష అయ్యాక మర్చిపోతాం. అవి మాత్రం మన ఇంటి హాల్లో, టీవీ పక్కన ఉన్న చిన్న డబ్బాలో రాత్రింబవళ్ళు పనిచేస్తూనే ఉంటాయి. ఆ డబ్బా లోపల 'అడ్వాన్స్‌డ్' అని ఒక పేజీ ఉంటుంది. చాలామంది దాని జోలికే పోరు. కొందరు ఎక్కడో వీడియో చూసి కనబడ్డవన్నీ ఆన్ చేసేస్తారు. రెండూ మంచివి కావు.

అందుకని ఒక పని పెట్టుకుని ఆ పేజీ చూద్దాం. ఇంట్లో పాత లాప్‌టాప్ మీద మన ప్రాజెక్టు వెబ్‌సైటు నడుస్తోంది. దాన్ని హాస్టల్ నుంచి తెరవాలి. ఇందుకు ఏవి ముట్టుకోవాలి, ఏవి ముట్టుకోకూడదు?

1. ముందు తాళం మార్చండి

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఐపీకాన్ఫిగ్' అని కొడితే 'డిఫాల్ట్ గేట్‌వే' అని ఒక అడ్రస్ కనిపిస్తుంది. సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో కొడితే రౌటర్ లాగిన్ పేజీ వస్తుంది.

ఇక్కడ అడిగే పాస్‌వర్డ్ వేరు, వైఫై పాస్‌వర్డ్ వేరు. వైఫైది అందరం మార్చుకుంటాం. అడ్మిన్‌ది మాత్రం డబ్బాతో వచ్చినదే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ పట్టుకున్నది ఈ అలవాటునే. కంపెనీలు పెట్టి పంపే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల జాబితా ఒకటి చేతిలో పెట్టుకుని, ఇంటర్నెట్ మీద కనిపించిన కెమెరాలు, రౌటర్ల మీద వరసగా ప్రయత్నించింది. అలా లొంగిన పరికరాలతోనే ఆ ఏడాది అక్టోబర్ 21న డిన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద దాడి జరిగింది. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు.

కాబట్టి మొదటి పని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. రెండోది, 'బ్యాకప్ కాన్ఫిగరేషన్' ఉంటే ఇప్పుడున్న సెట్టింగ్‌లను ఫైలుగా దాచుకోవడం. ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి దారి ఉంటుంది.

2. లాప్‌టాప్‌కి స్థిరమైన చిరునామా

ఇంట్లో ఏ పరికరం కనెక్ట్ అయినా దానికి అడ్రస్ ఇచ్చేది రౌటర్‌లోని డీహెచ్‌సీపీ. అయితే అది అద్దెకిచ్చినట్టు ఇస్తుంది. గడువు ఉంటుంది, దాన్ని 'లీజ్' అంటారు. ఈరోజు 192.168.1.7లో ఉన్న లాప్‌టాప్ వచ్చే వారం 192.168.1.12కి మారిపోవచ్చు. అడ్రస్ మారితే తర్వాత మనం పెట్టే సెట్టింగ్‌లన్నీ వృథా.

'డీహెచ్‌సీపీ రిజర్వేషన్' లేదా 'అడ్రస్ రిజర్వేషన్' అనే చోట లాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ ఇచ్చి, దానికి 192.168.1.50 అని రాసేయండి. ఇక ఎప్పుడు కనెక్ట్ అయినా అదే వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఇప్పటి ఫోన్లు, కొన్ని లాప్‌టాప్‌లు అసలు మ్యాక్ బదులు ర్యాండమ్ మ్యాక్ చూపిస్తాయి. మన లాప్‌టాప్‌లో, మన ఇంటి వైఫై వరకు, దాన్ని ఆపేయాలి.

3. న్యాట్ అనే వాచ్‌మన్

ఐపీవీ4లో అడ్రస్‌కి 32 బిట్లు. అంటే మొత్తం దాదాపు 429 కోట్లు. ప్రపంచంలోని ఫోన్లు, లాప్‌టాప్‌లు, టీవీలన్నిటికీ ఇవి చాలవు. అందుకే ఇంట్లో 192.168తో మొదలయ్యే ప్రైవేట్ అడ్రస్‌లు వాడి, బయటికి మాత్రం అందరం ఒకే పబ్లిక్ అడ్రస్‌తో వెళ్తాం. ఈ మార్పిడి చేసేదే న్యాట్.

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని ఊహించుకోండి. ఏ ఫ్లాట్ వాళ్ళు ఎవరికి ఫోన్ చేసి రమ్మన్నారో పుస్తకంలో రాసుకుంటాడు. ఆ మనిషి వస్తే సరిగ్గా ఆ ఫ్లాట్‌కే పంపుతాడు. ఎవరూ పిలవకుండా వచ్చిన మనిషిని ఎక్కడికి పంపాలో అతని పుస్తకంలో ఉండదు, గేటు దగ్గరే ఆపేస్తాడు. హాస్టల్ నుంచి మనం పంపే రిక్వెస్ట్ కూడా ఇలా పిలవకుండా వచ్చిన చుట్టమే.

'పోర్ట్ ఫార్వర్డింగ్' అంటే వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచడం: "8080 అని అడుగుతూ ఎవరొచ్చినా 192.168.1.50కి, 80వ పోర్టుకి పంపు." పేజీలో ఎక్స్‌టర్నల్ పోర్ట్ 8080, ఇంటర్నల్ ఐపీ 192.168.1.50, ఇంటర్నల్ పోర్ట్ 80, ప్రొటోకాల్ టీసీపీ అని నింపితే సరి. "ఎవరొచ్చినా" అన్న మాట మాత్రం గుర్తుంచుకోండి. మనమొక్కరమే కాదు, ఇంటర్నెట్‌లో ఎవరైనా రావచ్చు. సైటుకి గట్టి లాగిన్ లేకపోతే ఈ తలుపు తెరవకండి.

4. అన్నీ సరిగా పెట్టినా రాదేం?

చాలామంది ఇక్కడే రెండు రోజులు పోగొట్టుకుంటారు. తప్పు మన సెట్టింగ్‌లో ఉండదు, పైన ఉంటుంది. పబ్లిక్ అడ్రస్‌లు సరిపోక కంపెనీలు కూడా తమ దగ్గర ఇంకో న్యాట్ పెట్టుకున్నాయి. అదే సీజీన్యాట్. అంటే మన వాచ్‌మన్‌కి ముందు వీధి మొదట్లో ఇంకో గేటు. దాని పుస్తకం మన చేతిలో లేదు.

కనిపెట్టడం తేలికే. రౌటర్ 'స్టేటస్' పేజీలో వ్యాన్ ఐపీ చూడండి. గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని అడిగి, వచ్చిన ఐపీవీ4 అడ్రస్‌తో పోల్చండి.

రెండూ ఒకటే అయితే పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేస్తుంది. ఆ అడ్రస్ అప్పుడప్పుడు మారుతుంది కాబట్టి 'డైనమిక్ డీఎన్‌ఎస్' పెట్టుకోండి.

వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే అది సీజీన్యాట్. ఈ వరసను 2012లో ప్రత్యేకంగా ఇందుకోసమే కేటాయించారు. 10తో మొదలైనా చాలావరకు ఇదే కథ.

192.168తో మొదలైతే, కంపెనీ ఇచ్చిన ఫైబర్ డబ్బా ఒక న్యాట్, మన రౌటర్ ఇంకో న్యాట్ చేస్తున్నాయన్నమాట. ఒకదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో గానీ యాక్సెస్ పాయింట్ మోడ్‌లో గానీ పెట్టాలి.

సీజీన్యాట్ ఉంటే రెండు దారులు. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ అడగడం ఒకటి. టెయిల్‌స్కేల్, క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ లాంటివి వాడటం రెండోది. వీటిలో మన లాప్‌టాపే ముందు బయటికి ఫోన్ చేస్తుంది, కాబట్టి ఏ వాచ్‌మనూ ఆపడు. రౌటర్‌లో ఏ తలుపూ తెరవక్కర్లేదు. మన ఒక్కరి కోసమే అయితే పబ్లిక్ ఐపీ ఉన్నా టెయిల్‌స్కేల్ దారే మేలు.

5. మూసి ఉంచాల్సినవి

యూపీఎన్‌పీ: ఇంట్లోని ఏ ప్రోగ్రామ్ అయినా మనల్ని అడక్కుండానే పోర్ట్ తెరిపించుకోగలదు. గేమ్‌లకు సౌకర్యం, మాల్‌వేర్‌కీ సౌకర్యమే. అవసరం లేకపోతే ఆపేయండి.

డబ్ల్యూపీఎస్ పిన్: 8 అంకెలు కదా, గట్టిదే అనిపిస్తుంది. కానీ చివరి అంకె చెక్‌సమ్, పైగా రౌటర్ ఆ పిన్‌ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది. మొదటి ముక్కకి 10,000, రెండోదానికి 1,000. వెరసి 11,000 ప్రయత్నాలు చాలు. 2011 చివర్లోనే ఈ లోపం బయటపడింది. ఇది ఆన్‌లో ఉంటే మీ వైఫై పాస్‌వర్డ్ ఎంత పొడవున్నా లాభం లేదు.

రిమోట్ మేనేజ్‌మెంట్, డీఎంజెడ్: మొదటిది లాగిన్ పేజీనే బయటి ప్రపంచానికి చూపిస్తుంది. రెండోది అన్ని పోర్టులనూ ఒకే పరికరం మీదికి వదిలేస్తుంది. రెండూ వద్దు.

డీఎన్‌ఎస్: ఇది పేరుని అడ్రస్‌గా మార్చే పుస్తకం. దీన్ని మార్చినవాడు మనల్ని ఏ సైటుకైనా మళ్ళించగలడు. డీఎన్‌ఎస్ ఛేంజర్ ముఠా ఇలాగే సుమారు 40 లక్షల కంప్యూటర్లను దారి మళ్ళించింది. 2011లో పట్టుబడింది. మీ రౌటర్‌లో ఉన్నది కంపెనీదో, మీరే పెట్టిన 1.1.1.1 లేదా 8.8.8.8 లాంటిదో కాకపోతే అనుమానించండి.

ఐపీవీ6 ఫైర్‌వాల్: ఐపీవీ6లో సాధారణంగా న్యాట్ ఉండదు, ప్రతి పరికరానికీ సొంత పబ్లిక్ అడ్రస్. అక్కడ వాచ్‌మన్ అంటే ఫైర్‌వాలే. అది ఆన్‌లోనే ఉండాలి.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు

ప్రాజెక్టు ఉన్నా లేకపోయినా ఒక పావుగంట కేటాయించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. డబ్ల్యూపీఎస్, రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి. పోర్ట్ ఫార్వర్డింగ్ జాబితాలో అక్కర్లేని వరసలు తీసేయండి. డీఎన్‌ఎస్ ఒకసారి చూడండి. వైఫై సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ3లో పెట్టండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేసేయండి. అపార్ట్‌మెంట్‌లో స్పీడ్ రావట్లేదంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్ళలో ఖాళీగా ఉన్నది ఎంచుకుని, విడ్త్ 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించండి.

మనం హాస్టల్‌లో ఉంటాం. ఆ వైఫై మీద యూపీఐ చేసేది నాన్న, బ్యాంక్ యాప్ తెరిచేది అమ్మ. మన ప్రాజెక్టు కోసం తెరిచిన తలుపు వాళ్ళ ఫోన్లున్న ఇంటిదే. డెమో అయిపోయిన రోజునే ఆ వరస తీసేయండి. కొత్త అడ్మిన్ పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి ఇంట్లోనే భద్రమైన చోట పెట్టి, ఎక్కడుందో వాళ్ళకి చెప్పండి. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయన్న సామెత మన ఇంటి రౌటర్‌కి వర్తించకుండా చూసుకుంటే చాలు.