పై చదువుకు పైకం

తాతల తరం వారిలో కొందరు "మేము వారాలు చేసుకొని చదువుకొన్నాము" అని చెప్పేవారు. పట్నంలో బడి ఉంది, చదవాలన్న పట్టుదలా ఉంది. తిండికే దారి లేదు. అందుకని ఏడు ఇళ్లు కుదుర్చుకొని, ఆదివారం ఒకరింట, సోమవారం మరొకరింట భోంచేస్తూ చదువు సాగించేవారు. ఆ అన్నంలో ఆదరణ ఉండేది, ఒక్కొక్కప్పుడు అవమానమూ ఉండేది. ఆ ఇంటివారు ఊరికి వెళితే ఆనాడు పస్తే! అదైనా అన్ని కులాల పిల్లలకూ అందిన సదుపాయం కాదు.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామం వారు. ఆయన పుట్టింది కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో. చిన్ననాడే తండ్రిని కోల్పోయారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివే రోజుల్లో ఒక కొడగు కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ డబ్బుతో ఖర్చులు గడుపుకొన్నారు. బి.ఎ. ఆ విధంగా పూర్తయింది. కాని ఇంజనీరింగు చదవడానికి పుణె వెళ్లాలంటే ట్యూషన్ల డబ్బు ఏ మూలకు? మైసూరు ప్రభుత్వం ఉపకారవేతనం ఇచ్చింది కనుక వెళ్లగలిగారు. 1883లో ఆ పరీక్షలో ప్రథములుగా నిలిచారు. 1909లో అదే మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా వచ్చి, కృష్ణరాజసాగరం ఆనకట్ట నిర్మాణానికి పూనుకొన్నారు. మైసూరు ఖజానా ఆ కుర్రవాడికి ఇచ్చింది భిక్షమా, పెట్టుబడా?

ఈ సంగతి ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఉపకారవేతనానికి దరఖాస్తు పెట్టడం నామోషీ అనుకొనే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. మన రాష్ట్రం కాని చోట స్థిరపడిన మనకు మరొక చిక్కు కూడా ఉంది. హోసూరులోనో బళ్లారిలోనో ఉండే విద్యార్థి "నేనూ తెలుగువాణ్ణే గదా" అని ఆంధ్రప్రదేశ్ ఫీజు రీయింబర్స్‌మెంటు మీద ఆశ పెట్టుకొంటే లాభం లేదు. ఇటువంటి సహాయం మాతృభాషను బట్టి కాదు, నివాసాన్ని బట్టి వస్తుంది. అలాగే "అల్పసంఖ్యాకుల ఉపకారవేతనం" అన్న పేరు చూసి తొందరపడరాదు. కేంద్ర ప్రభుత్వం ఆ పేరుతో ఇచ్చినవి మతరీత్యా అల్పసంఖ్యాకులైన వారికే. భాషారీత్యా అల్పసంఖ్యాకులకు అవి వర్తించవు. మీరు ఉన్న రాష్ట్రం ఏమి ఇస్తున్నదో ముందు తెలుసుకోవాలి. ఆదాయ, నివాస ధ్రువపత్రాలు పరీక్షా ఫలితాలకు ముందే చేతిలో ఉండాలి.

ఇవన్నీ చూసుకొన్న తరువాతే అప్పు మాట. 2001లో భారత బ్యాంకుల సంఘం విద్యా రుణాలకు ఒక నమూనా పథకాన్ని రూపొందించింది. దాని ప్రకారం 4 లక్షల రూపాయల వరకు పొలం, ఇల్లు తాకట్టు పెట్టనక్కరలేదు. చదువు ముగిసి కొంత గడువు గడిచాక తీర్చడం మొదలుపెట్టవచ్చు. చాలామంది ఇక్కడే పొరబడతారు: తీర్చడానికి గడువు ఉన్నది గాని వడ్డీకి గడువు లేదు. అది డబ్బు తీసుకొన్న నాటినుండే నడుస్తుంది.

ఒక లెక్క చూద్దాం. నాలుగేళ్ల చదువుకు ఏటా 50 వేలు అప్పు తీసుకొన్నారనుకోండి. వడ్డీ నూటికి ఏడాదికి 10 రూపాయలు, బారువడ్డీ. చదువు ముగిశాక ఒక ఏడాది గడువు. మొదటి 50 వేలకు ఐదేళ్ల వడ్డీ 25 వేలు. తరువాతి వాటికి వరుసగా 20, 15, 10 వేలు. మొత్తం 70 వేలు! చేతికి వచ్చింది 2 లక్షలు. తీర్చడం మొదలుపెట్టేనాటికి బాకీ 2 లక్షల 70 వేలు. తక్కువ ఆదాయం గల కుటుంబాల పిల్లలు సాంకేతిక, వృత్తి విద్యలు చదివితే, ఈ కాలపు వడ్డీని కొన్ని షరతులతో కేంద్రమే భరించే పథకం 2009లో వచ్చింది. బ్యాంకుకు వెళ్లినప్పుడు దానిని గురించి మీరే అడగండి. అడగనివారికి అన్నిచోట్లా చెప్పరు.

మంచి కాలేజీలో పనికివచ్చే చదువైతే ఆ 70 వేలు భారం కావు. కాని బోధన సరిగా లేని కాలేజీలో, స్నేహితులు చేరారని చేరితే ఉద్యోగం రాకపోయినా బాకీ మిగులుతుంది. పైగా రుణపత్రం మీద అమ్మో నాన్నో కూడా సంతకం పెట్టాలి. అందువల్ల ఈ లెక్క ఇంట్లో అందరూ కూర్చొని కాగితం మీద వేయవలసినది. హాస్టలు, పుస్తకాలు, రానుపోను బస్సు ఛార్జీలు కూడా అందులో రాయండి. కాలేజీల ప్రకటనలలో అవి కనబడవు.